ఒకే సూది, రెండు పెయ్యలు
(సభ్యుల విద్యా పాఠం: మేత అందుబాటుకూ, దూడ ఎదుగుదలను నడిపే జన్యువులకూ గల సంబంధం)



పాల సంఘాల సర్వసభ్య సమావేశాలలో నేను తరచుగా వినే ఫిర్యాదులు మూడు. మొదటిది వెన్న శాతం. రెండవది బిల్లుల ఆలస్యం. మూడవది సూది. "మంచి జాతి సూది అన్నారు, పుట్టింది మాత్రం మామూలు దూడే" అనే మాట కర్నూలు మెట్ట ఊళ్ళలోనూ విన్నాను, కడప మెట్ట ఊళ్ళలోనూ విన్నాను. ఈ పాఠం ఆ మూడవ ఫిర్యాదును గురించి.

ముందుగా ఒక మనవి. నేను సహకార శిక్షణలో డిప్లొమా చదివిన ఇన్‌స్పెక్టరును, పశువైద్యుణ్ణి కాను. రిజిస్టర్లు చూడడం నా పని. ఈ విషయం కూడా రిజిస్టరు దగ్గరే మొదలయింది. తరువాత పశువైద్యులను అడిగి, చదివి తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను.

1. ఒక సభ్యుని ఫిర్యాదు

2023 చివరలో పత్తికొండ వైపు ఒక సంఘంలో సమావేశం జరిగింది. ఒక పెద్ద వయసు సభ్యుడు లేచి ఇలా అన్నాడు: "సార్, ముర్రా సూది అని డబ్బు కట్టించుకున్నారు. దానికి పుట్టిన పెయ్య ఐదేండ్లు దాటినాక గాని ఈనలేదు. ఈనినా పూటకు రెండు లీటర్లకు మించి ఇయ్యలేదు. ఇంక మన సంఘంలో ఈ సూదుల పద్దు ఎత్తేయండి." సగం మంది అవునన్నారు.

ఆ పూట నా దగ్గర జవాబు లేదు. "పెద్దాయనా, సూది కార్డు ఉంటే చూపించు" అన్నాను. కార్డు తెచ్చాడు. బుల్ నెంబరు స్పష్టంగా ఉంది. అంతలో పక్కనున్న ఒకరు, "అదే నెంబరు సూదికి పుట్టిన ఇంకో పెయ్య వాళ్ళ బిడ్డ ఇంట్లో ఉంది సార్, దాన్ని కూడా చూసి రాండి" అన్నారు.

విచారిస్తే తెలిసిన సంగతి ఇది. 2017 సెప్టెంబరులో ఆయన ఇంట్లో రెండు బర్రెలకు (కడప వైపు ఎనుములు అంటారు) ఒకే వారంలో, ఒకే నెంబరు సూది వేశారు. రెండూ కట్టాయి. 2018 వేసవికి ఇంట్లో చొప్ప అయిపోయింది. రెండింటినీ మేపలేక, ఏప్రిల్‌లో ఒక చూడి బర్రెను కె.సి. కాలువ కింద ఉన్న కూతురి ఊరికి తోలాడు. రెండవదాన్ని ఇంట్లోనే ఉంచుకున్నాడు. జూలై నెలాఖరుకు రెండూ ఈనాయి. రెండూ పెయ్యలే.

నేను కాలువ ఊరికి వెళ్ళి చూశాను. కూతురి ఇంట్లోని పడ్డ మూడేండ్ల నాలుగు నెలలకు ఈనింది. మొదటి ఈతలోనే రోజుకు ఏడు లీటర్లు ఇచ్చింది. తండ్రి ఇంట్లోనిది ఐదేండ్ల ఒక నెలకు ఈని, నాలుగు లీటర్ల దగ్గర ఆగింది. "అమ్మా, దూడను ఎట్లా సాకినావు?" అని అడిగితే ఆమె, "ఏముంది సార్, ఒక చన్ను దూడకే విడిచేదాన్ని. గట్టు మీద గడ్డి కోసి వేసేదాన్ని. దూడ చిక్కితే మా నాయన బర్రెను పాడుచేసినావంటాడని భయం" అన్నది.

తండ్రి ఊరికి తిరిగి వచ్చి సంఘంలో 2018–19 పాల రిజిస్టరు తీశాను. కరువు ఏడాది అయినా ఆయన పేరు మీద పాలు బాగానే పడ్డాయి. ఊళ్ళో ఎక్కువ పాలు పోసిన సభ్యుడికని ఆ ఏడాది సంఘం ఒక స్టీలు బిందె బహుమతి ఇచ్చింది. ఆ బిందె ఆయనకు అందించింది నేనే. అప్పటి బ్యాంకు కంతుల కోసం దూడకు పాలు విడవకుండా పిండి పోశానని ఆయనే చెప్పాడు. అంటే మేము బహుమతి ఇచ్చిన పాలలో కొంత ఆ దూడ నోటి దగ్గర తీసిన పాలు.

ఒక్క ఇంటి సంగతితో శాస్త్రం తేలదు. ఈ రెండు పెయ్యలకు తండ్రి ఒకడే గాని తల్లులు వేరు. కనుక తేడా అంతా మేతదే అని నేను అనను. కాని మేత ఇంత పని చేయగలదా, చేస్తే ఎట్లా చేస్తుంది అని తెలుసుకోవడం అవసరం.

2. జన్యువులు అంటే ఉపనిబంధనల పుస్తకం వంటివి

ప్రతి సంఘం బీరువాలో ఉపనిబంధనల పుస్తకం ఒకటి ఉంటుంది. అన్ని సంఘాలకూ దాదాపు ఒకటే పుస్తకం. అయినా ఒక సంఘం బాగా నడుస్తుంది, ఇంకొకటి మూతపడుతుంది. పుస్తకంలో ఏముంది అన్నది ఒక సంగతి. ఏ నిబంధనను ఎప్పుడు తెరిచి అమలు చేశారు అన్నది మరో సంగతి.

పశువు శరీరం కోట్ల కొద్దీ కణాలతో ఏర్పడింది. దాదాపు ప్రతి కణంలోనూ ఒకే పుస్తకం ఉంటుంది. అందులోని నిబంధనలే జన్యువులు. సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి. మనం వేయించే సూది ఆ తండ్రి సగాన్ని తెస్తుంది. పొదుగు కణంలోనూ గిట్ట కణంలోనూ ఉన్న పుస్తకం ఒకటే. పొదుగులో పాలకు సంబంధించిన పేజీలు తెరుచుకుంటాయి, గిట్టలో కొమ్ము పదార్థానికి సంబంధించిన పేజీలు తెరుచుకుంటాయి. తక్కినవి మూసి ఉంటాయి.

ఈ పేజీలు ఏ వయసులో, ఎంత మేరకు తెరుచుకోవాలో నిర్ణయించే వాటిలో ముఖ్యమైనది ఆహారం. సూది మార్చితే పుస్తకం మారుతుంది. మేత మారితే పుస్తకం మారదు గాని, తెరుచుకునే పేజీలు మారుతాయి. ఈ పాఠంలో గుర్తుంచుకోవలసిన అసలు విషయం ఇదే.

3. మేత కబురు జన్యువులకు ఎలా చేరుతుంది?

దూడ కడుపు నిండితే రక్తంలో ఇన్సులిన్ పెరుగుతుంది. మెదడు కింద ఉన్న గ్రంథి పెరుగుదల హార్మోను విడుదల చేస్తుంది. ఆ హార్మోను కాలేయానికి చేరితే, అక్కడ ఇన్సులిన్‌ను పోలిన ఒక పెరుగుదల కారకం తయారవుతుంది. ఎముక, కండ ఎదగడానికి ఆ కారకమే ఆజ్ఞ.

పస్తు ఉన్న దూడలో ఏమి జరుగుతుంది? పెరుగుదల హార్మోను తగ్గదు, పైగా పెరుగుతుంది కూడా. కాని ఆ హార్మోనును అందుకొనే జన్యువుల పని కాలేయంలో తగ్గిపోతుంది. పైనుంచి ఉత్తర్వు వచ్చినా కార్యదర్శి దాన్ని ఫైలులో పెట్టి ఊరుకున్నట్లు అవుతుంది. ఇది జబ్బు కాదు, శరీరం చేసుకున్న ఏర్పాటు. తిండి లేనప్పుడు ఎదగబోతే ప్రాణానికే ముప్పు. అందుచేత శరీరం ఎదుగుదలను ఆపి ప్రాణాన్ని కాపాడుకుంటుంది.

ఎదకు రావడం కూడా ఇట్లాగే. ఒంట్లోని కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోనును తయారుచేస్తాయి. దీన్ని 1994లో కనుగొన్నారు. ఒంట్లో నిల్వ ఎంత ఉన్నదో మెదడుకు తెలిపేది ఇదే. నిల్వ చాలినంత ఉన్నదని కబురు అందితే, మెదడులో కిస్‌పెప్టిన్ అనే పదార్థం ద్వారా ఎదను నడిపే హార్మోన్లు మొదలవుతాయి. యుక్తవయసు రావడంలో దీని పాత్ర 2003లో తెలిసింది. నిల్వ లేకపోతే పడ్డకు నాలుగేండ్లు నిండినా ఆ కబురు అందదు. అందుకనే ఎద వయసును బట్టి కంటే బరువును బట్టి వస్తుందని పశువైద్యులు చెబుతారు.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో మాంసపు జాతి ఆవు పెయ్యలపై ప్రయోగాలు చేశారు. నాలుగో నెల నుంచి తొమ్మిదో నెల వరకు బాగా మేపిన పెయ్యలు తక్కిన వాటికంటె ముందుగా ఎదకు వచ్చాయి. వాటి మెదడులో ఎదకు సంబంధించిన భాగంలో జన్యువుల పనితీరు కూడా మారినట్లు చూశారు. అవి బర్రెలు కావు, ఆవులు. అయినా బర్రెలలో కూడా ఈ ఏర్పాటు ఇంచుమించు ఇటువంటిదే కావచ్చు.

4. కొన్ని గుర్తులు చెరిగిపోవు

"ఇప్పుడు చిక్కితే చిక్కనీ, వానలు పడ్డాక మేపితే సరి" అని మనం అనుకుంటాం. కొంత నిజమే. తరువాత మేపితే బరువు కొంత తిరిగి వస్తుంది. కాని లేత వయసులో పడిన కొన్ని గుర్తులు నిలిచిపోతాయి. దీనికి నాలుగు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది తేనెటీగ. నల్లమలలో పట్టు చూసినవారికి తెలుసు, ఒక పట్టుకు ఒకే రాణి. రాణి ఈగకూ కూలి ఈగకూ గుడ్డు ఒకే రకం. పురుగు దశలో మొదటి మూడు రోజులు అన్నిటికీ ఇంచుమించు ఒకే మేత. ఆ తరువాత రాజజెల్లీ అనే మేతనే తిన్న పురుగు రాణి అవుతుంది. మామూలు మేతకు మారినవి కూలి ఈగలవుతాయి. జన్యువులపై మిథైల్ అనే చిన్న రసాయనపు గుర్తులు పడతాయి. ఇవి పేజీలను మూసిపెట్టే గొళ్ళేల వంటివి. ఆ గుర్తులు వేసే ఎంజైమును ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు పురుగులలో అణచివేస్తే, రాజజెల్లీ ఇవ్వకపోయినా ఎక్కువ భాగం రాణి లక్షణాలతో బయటికి వచ్చాయి. ఇది 2008 నాటి మాట.

రెండవది చుంచెలుకలు. 2003లో అమెరికాలో ఒక జాతి చూలు ఎలుకలకు ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిను, కోలిన్, బీటైన్ కలిపిన మేత పెట్టారు. పసుపు రంగుతో, లావుగా పుట్టవలసిన పిల్లలు చాలావరకు గోధుమ రంగుతో పుట్టాయి. జన్యువు మారలేదు. దానిపై గుర్తులు మారాయి. ఈ ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో అమెరికాలో వేరుచేసి తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

మూడవది మనుషుల సంగతి. కరువు అంటే మన సీమకు 1876–78 నాటి ధాత కరువు గుర్తుకు వస్తుంది. నెదర్లాండ్స్ దేశానికి 1944–45 చలికాలం అటువంటిది. యుద్ధంలో ఆహార రవాణా ఆగి, పట్టణాలలో మనిషికి రోజుకు వెయ్యి కాలరీలు కూడా అందలేదు. అక్కడ పుట్టుక రిజిస్టర్లు సరిగా ఉన్నందున, ఆ కరువులో కడుపున పడినవారిని తరువాత వెదికి పట్టుకోగలిగారు. సుమారు అరవై ఏండ్ల తరువాత వారి రక్తం పరీక్షించి, కరువుకు ముందో వెనుకో కడుపున పడిన వారి తోబుట్టువులతో పోల్చారు. పెరుగుదలకు సంబంధించిన ఒక జన్యువుపై మిథైల్ గుర్తులు వారిలో తక్కువగా ఉన్నాయి. ఈ ఫలితం 2008లో వెలువడింది. తల్లి తిన్న తిండి లెక్క బిడ్డ ఒంట్లో అరవై ఏండ్లు నిలిచింది.

నాలుగవది మన దగ్గరిదే. 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు చుట్టుపట్ల 29 గ్రామాలలో జాతీయ పోషకాహార సంస్థ ఒక పరిశీలన జరిపింది. కొన్ని గ్రామాలలో గర్భిణులకు, చిన్న పిల్లలకు అదనపు ఆహారం అందింది. తక్కిన వాటిలో ఆ పథకం అప్పటికి మొదలు కాలేదు. 2003–05లో ఆ పిల్లలు 13 నుంచి 18 ఏండ్ల వయసులో ఉండగా కొలిచి చూస్తే, ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉన్నారు. రక్తనాళాల ఆరోగ్యం కూడా మెరుగ్గా ఉంది. ఇక్కడ కొలిచింది జన్యువులను కాదు, ఎత్తును, ఆరోగ్యాన్ని. అయినా లేత వయసు తిండి ఫలితం పదిహేనేండ్ల తరువాత కనబడిందని సభ్యులు గమనించాలి.

5. దూడ జీవితంలో మూడు అదనులు

విత్తనం ఎంత మంచిదైనా అదను తప్పితే పంట రాదని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. దూడకు కూడా మూడు అదనులు ఉన్నాయి.

మొదటి అదను, తల్లి కడుపులో చివరి మూడు నెలలు. బర్రె చూడి కాలం సుమారు 310 రోజులు. దూడ పుట్టుక బరువులో సగానికి పైగా ఈ చివరి కాలంలోనే పెరుగుతుంది. జూలైలో ఈనవలసిన బర్రెకు ఆ కాలం ఏప్రిల్, మే, జూన్ నెలలలో పడుతుంది. మన మెట్ట ఊళ్ళలో చొప్పవాములు అడుగంటేది సరిగ్గా అప్పుడే. ఏటా 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే మన సీమలో ఈ ఇబ్బంది ఒక్క కరువు ఏడాదికి పరిమితం కాదు.

రెండవ అదను, పుట్టిన మొదటి మూడు నెలలు. ఇక్కడ ఒక విశేషం ఉంది. పుట్టినప్పుడు దూడకు నెమరు సంచి చాలా చిన్నది, పని చేయదు. పెద్ద పశువులో నాలుగు అరల మొత్తంలో సుమారు ఎనభై శాతం అదే. ఆ సంచి లోపలి గోడ ఎదగడానికి వయసు ఒక్కటే చాలదు, దూడ తినే దాణా కావాలి. దాణా లోపల పులిసి బ్యూటిరిక్ ఆమ్లం తయారవుతుంది. ఈ ఆమ్లం గోడ కణాలకు ఆహారం. అంతేకాదు, కణాల లోపల జన్యువుల పేజీలు తెరిచే పని కూడా దీనికి ఉంది. దాణా ఎరుగని దూడకు నెమరు సంచి ఆలస్యంగా ఎదుగుతుంది. అటువంటి దూడ ముందు చొప్ప వేసినా దానికి ఒంటబట్టదు.

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వారు హోల్‌స్టీన్ ఆవుల రికార్డులు పరిశీలించి 2012లో ఒక లెక్క ప్రకటించారు. పాలు మాన్పించేలోపు పెయ్య రోజుకు ఒక కిలో చొప్పున ఎక్కువ పెరిగితే, మొదటి ఈతలో 850 కిలోల పాలు ఎక్కువ ఇచ్చినట్లు తేలింది. రోజుకు 100 గ్రాములు ఎక్కువ పెరిగితే 85 కిలోల పాలు అన్నమాట.

మూడవ అదను, మూడో నెల నుంచి ఎదకు వచ్చేవరకు. పొదుగులో పాల నాళాలు వేగంగా ఎదిగేది ఈ కాలంలోనే. ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ వయసులో పిండి దాణా అతిగా పెట్టి పెయ్యను కొవ్వెక్కిస్తే పొదుగులో కొవ్వు చేరి నాళాలు తగ్గుతాయి. కనుక పస్తూ వద్దు, అతీ వద్దు. రోజుకు 400 నుంచి 500 గ్రాముల పెరుగుదల మన గ్రేడెడ్ ముర్రా పెయ్యలకు సరిపోతుంది.

6. లెక్క వేసి చూద్దాము

పుట్టినప్పుడు 30 కిలోలు ఉన్న పెయ్యకు 280 కిలోల బరువు వద్ద సూది వేయిస్తామనుకుందాము. అంటే 250 కిలోలు పెరగాలి.

రోజుకు 450 గ్రాములు పెరిగితే సుమారు 555 రోజులు పడుతుంది, అంటే పద్దెనిమిదిన్నర నెలలు. చూడి కాలం పది నెలలు కలిపితే దాదాపు 29 నెలలు. ఎద ఒకటి రెండు తప్పినా మూడేండ్ల లోపు ఈనాలి.

రోజుకు 200 గ్రాములే పెరిగితే 1,250 రోజులు, అంటే 41 నెలలు పడుతుంది. చూడి కాలం కలిపితే 51 నెలలు, నాలుగేండ్ల మూడు నెలలు.

తేడా 22 నెలలు. ఆ 22 నెలలు పడ్డకు మేత వేస్తాము, పాలు రావు. రోజుకు సగటున ఐదు లీటర్ల చొప్పున 250 రోజుల ఈత ఒకటి పోయిందనుకున్నా 1,250 లీటర్ల నష్టం.

ఇక దూడకు పట్టే పాలు. మొదటి నెల బరువులో పదో వంతు, రెండో నెల పదిహేనో వంతు, మూడో నెల ఇరవయ్యో వంతు చొప్పున లెక్క కడితే, మూడు నెలలకు కలిపి సుమారు 255 లీటర్లు. ఈ 255 లీటర్లు దూడకు విడవడం ఖర్చు కాదు, పెట్టుబడి. కాని సంఘం పాసుపుస్తకంలో దీనికి కాలమ్ లేదు. అందుకే అది మన కంటికి నష్టంగానే కనబడుతుంది.

7. మెట్ట ఊళ్ళో చేయగలిగినవి

కాలువ కింద గడ్డి కోసుకొనే వసతి అందరికీ లేదు. ఉన్నంతలో చేయగలిగినవి ఇవి.

(అ) ఈనడానికి రెండు నెలల ముందు తప్పక పాలు పిండడం మానాలి. ఆ రెండు నెలలు మామూలు మేత కాక రోజుకు ఒకటిన్నర నుంచి రెండు కిలోల దాణా పెట్టాలి. ఇంట్లో దాణా కొద్దిగానే ఉంటే, చూడి బర్రె వంతు తగ్గించవద్దు.

(ఆ) పుట్టిన గంట, రెండు గంటలలోగా ముర్రుపాలు తాగించాలి. రోగాలను అడ్డుకునే శక్తి వాటిలోనే ఉన్నది. ఒక రోజు గడిచాక ఆ శక్తిని దూడ పేగు ఇక గ్రహించలేదు. జున్ను వండుకోవడం దూడ కడుపు నిండిన తరువాత.

(ఇ) మొదటి నెల పాల విషయంలో రాజీ వద్దు. కంతులు కట్టే ఒత్తిడి ఉంటే, రెండో నెల నుంచి దాణా అలవాటైన కొద్దీ పాలు కొంత తగ్గించవచ్చు.

(ఈ) బర్రె దూడలకు తల్లిపాల ద్వారానే ఏలికపాములు వస్తాయి. పదో రోజు ప్రాంతంలో పశువైద్యుని అడిగి మందు తాగించాలి. పాములున్న దూడకు పాలు పోసినా ఆ మేలు పాములకే.

(ఉ) రెండో వారం నుంచి దూడ దాణా గుప్పెడు గుప్పెడుగా అలవాటు చేయాలి. నూరు కిలోలకు నలగ్గొట్టిన జొన్న లేక మొక్కజొన్న 50, వేరుశనగ చెక్క 30, తవుడు 17, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో. బూజు పట్టిన చెక్క కలపవద్దు. ఖనిజ మిశ్రమంలోని కోబాల్టుతోనే నెమరు సంచిలోని సూక్ష్మజీవులు బి12 విటమినును తయారుచేస్తాయి. ఎలుకలకు బయటనుంచి పెట్టిన ఆ విటమినును నెమరు వేసే పశువు తన కడుపులోనే తయారుచేసుకోగలదు. దానికి కావలసిన సరుకు మనం అందించాలి.

(ఊ) వేరుశనగ కట్టె, శనగ పొట్టు, కంది పొట్టు వర్షానికి తడవకుండా దాచాలి. జొన్న చొప్పను నరికి వేస్తే వృథా తగ్గుతుంది. బోరు కింద నాలుగు సాళ్ళు దశరథ గడ్డి, గట్టు మీద అవిసె, సుబాబుల్ ఉంటే వేసవిలో దూడకు పచ్చి రుచి తగులుతుంది. సుబాబుల్ పచ్చిమేతలో మూడో వంతుకు మించరాదు. వాన లేక గిడసబారిన లేత జొన్న మేపితే నాము తగులుతుంది, జాగ్రత్త.

(ఋ) నెలకొకసారి దూడను కొలవాలి. కాటా అవసరం లేదు, టేపు చాలు. ముందుకాళ్ళ వెనుక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిర్ర ఎముక వరకు పొడవు అంగుళాలలో తీయండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చించి, దాన్ని పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే బరువు సుమారుగా కిలోలలో వస్తుంది. చుట్టుకొలత 60, పొడవు 51 అంగుళాలు అయితే 278 కిలోలు. అటువంటి పడ్డ సూదికి సిద్ధం.

8. ఆ సంఘంలో జరిగినది

కాలువ ఊరు చూసి వచ్చిన నెల తరువాత ఆ సంఘంలోనే ఈ సంగతులన్నీ చెప్పాను. ఫిర్యాదు చేసిన పెద్దాయన చివరిదాకా తల వంచుకొని విన్నాడు. తరువాత, "అయితే తప్పు నాదే అంటారా సార్?" అన్నాడు.

"నీ ఒక్కడిదే కాదు పెద్దాయనా. వానదొక వంతు, కంతులదొక వంతు. పాలు ఎన్ని పోశారని అడిగాము గాని దూడ ఎట్లా ఉందని ఒక్కనాడూ అడగని మాదొక వంతు. బిందె ఇచ్చినవాణ్ణి నేనే కదా" అన్నాను.

ఆయన కాసేపు ఊరుకొని, "సూదుల పద్దు ఉండనీయండి. దూడల పద్దు కూడా ఒకటి పెట్టండి" అన్నాడు. ఆ మాటనే తీర్మానంగా వ్రాసుకున్నారు. ఇప్పుడు ఆ సంఘంలో పాల రిజిస్టరు పక్కన ఒక నోటు పుస్తకం ఉంది. సూది నెంబరు, పుట్టిన తేదీ, నెలనెలా టేపు కొలత అందులో వ్రాస్తారు. ఏడాది నిండే నాటికి బాగా ఎదిగిన పెయ్య ఉన్న ఇంటికి బహుమతి. మొదటి ఏడాది ఆ బహుమతిని సభ్యుని పేర కాకుండా, దూడను సాకిన ఇల్లాలి పేర ఇచ్చారు.

మిగతా సంఘాలు కూడా ఇటువంటి పుస్తకం ప్రారంభించవలెనని కోరుతున్నాను. ఒక నోటు పుస్తకం, ఒక టేపు తప్ప ఖర్చు లేదు. సందేహాలుంటే మీ పశువైద్యశాలలో గాని, ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల వారిని గాని అడగవచ్చు.

జ్ఞాపకముంచుకోవలసినవి

1. సూది మంచి జన్యువులను తెస్తుంది. వాటిని పనిలో పెట్టేది మేత.
2. చూడి చివరి మూడు నెలలు, పుట్టిన మూడు నెలలు, అక్కడినుంచి ఎద వరకు: ఇవి మూడు అదనులు.
3. ఎదకు వయసు కంటె బరువు ముఖ్యం.
4. దూడకు విడిచిన పాలు పెట్టుబడి.

సంఘ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మీ ఊళ్ళో ఎక్కువ బర్రెలు ఏ నెలలో ఈనుతున్నాయి? వాటి చివరి మూడు నెలలలో మేత ఎంత ఉంటుంది?
2. గత మూడేండ్లలో సూదికి పుట్టిన పెయ్యలు ఎన్ని? వాటిలో ఇప్పుడు ఊళ్ళో ఉన్నవి ఎన్ని?
3. మీ సంఘం బహుమతి దేనికి ఇస్తున్నది?